బాండికూట్: మన పందికొక్కు ఇంగ్లీషులోకి ఎలా వెళ్ళింది?

సత్యనారాయణపురం కుర్రోడు రాశారు:

అందరికీ నమస్కారం. మా కాలేజీ క్విజ్‌లో ఒక ప్రశ్న అడిగారు. "బాండికూట్ అనే ఇంగ్లీషు మాట ఏ భాష నుంచి వచ్చింది?" అని. నేను తెలుగు అన్నాను. పాయింట్ ఇవ్వలేదు. అది ఆస్ట్రేలియా జంతువు కాబట్టి మాట కూడా అక్కడి ఆదివాసులదే, కంగారూ లాగా, అని చెప్పారు. ప్లేస్టేషన్‌లో క్రాష్ బాండికూట్ ఆడుతుంటే మా నాన్న "అది మన పందికొక్కేరా" అనేవారు. ఆ ధైర్యంతోనే జవాబు చెప్పాను. పాయింట్ పోతే పోయింది. కానీ మాట మనదైతే మనదని ఆధారంతో చెప్పాలి కదా. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల భాష మీద ఇష్టం ఉన్నవాళ్ళు చాలామంది ఇక్కడ ఉన్నారు. తెలిసింది చెప్పండి.

తెనాలి మాస్టారు రాశారు:

బాబూ, నువ్వు చెప్పిందే సరైన జవాబు. ఇందులో పండితులకు పెద్దగా తగాదా కూడా లేదు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి 1886లో హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు వేశారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్ళ నోట్లో నలిగిన మన మాటలన్నిటికీ అది పెద్ద భాండాగారం. అందులో బాండికూట్ దగ్గర తెలుగు "పందికొక్కు" నుంచి వచ్చిందనీ, దాని అర్థం పంది లాంటి ఎలుక అనీ రాశారు. ఈనాటి పెద్ద ఇంగ్లీషు నిఘంటువులు కూడా తెలుగు పేరే చెబుతాయి. మన సి.పి. బ్రౌన్ 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులోనూ పందికొక్కుకి ఇచ్చిన అర్థం బాండికూటే.

కంగారూ సంగతి వేరు. 1770లో కుక్ ఓడ ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో మరమ్మతు కోసం ఆగినప్పుడు అక్కడి గూగు యిమిథిర్ ప్రజల దగ్గర విన్న మాట అది. ఒక ఖండంలో తిరిగే జంతువు పేరు ఆ ఖండంలోనే పుట్టి ఉండాలనే నియమం ఏమీ లేదు. పేర్లు ఓడలెక్కి వెళతాయి.

చెన్నైలో బెజవాడోడు రాశారు:

మాస్టారూ, నాకొక సందేహం. ఇక్కడ మా ఆఫీసులో తమిళ మిత్రులు ఇది తమిళ మాటే అంటున్నారు. పంది అనే మాట ద్రావిడ భాషలన్నిటిలోనూ ఉంది కదా, తెలుగుకే ఎందుకు ఇవ్వాలి అని అడుగుతున్నారు. వాళ్ళకి ఏం చెప్పమంటారు?

తెనాలి మాస్టారు రాశారు:

మంచి ప్రశ్న. దీనికి మాటను రెండు ముక్కలు చేసి చూడాలి.

మొదటి ముక్క పంది. తమిళంలో దాన్ని "పన్ఱి" అంటారు, వాడుకలో "పన్ని". కన్నడంలో ఇప్పుడు "హంది". ఇంగ్లీషు మాటలో ఉన్న "బాండి" అనే ముక్క తెలుగు పందికే దగ్గర.

అసలు తేల్చేది రెండో ముక్క. తెలుగులో కొక్కు అంటే పెద్ద ఎలుక. తమిళంలో కొక్కు అంటే కొంగ! పందికొంగ అనే జంతువు ఎక్కడా లేదు. ఈ ఎలుకని తమిళులు "పెరుచ్చాళి" అంటారు, కన్నడిగులు "హెగ్గణ" అంటారు, హిందీ మరాఠీల్లో "ఘూస్" అంటారు. చుట్టూ ఉన్న భాషలన్నీ వేరే పేర్లు పెట్టుకున్నాయి. పంది, కొక్కు కలిపి ఈ జంతువుకి పేరు పెట్టింది మనమే. మీ మిత్రులతో తగాదా అక్కర్లేదు. తమిళం ఇంగ్లీషుకి ఇచ్చిన మాటలు బోలెడున్నాయి. ఇది మాత్రం మన ఖాతా.

సత్యనారాయణపురం కుర్రోడు రాశారు:

సూపర్ మాస్టారూ! కొంగ పాయింట్ నాకు అస్సలు తెలియదు. కానీ "ప" ఎందుకు "బ" అయింది? క్విజ్ పెట్టిన సార్ అడిగితే ఏం చెప్పాలి?

లబ్బీపేట అక్క రాశారు:

దీనికి నేను చెబుతాను తమ్ముడూ. అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని ముందు "పంది" అను. తర్వాత ఇంగ్లీషువాళ్ళు పలికినట్టు "పెన్" అను. రెండోదానికి అరచేతికి గాలి తగులుతుంది. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే "ప" ఎప్పుడూ ఆ గాలితోనే వస్తుంది. మన "ప"లో ఆ గాలి ఉండదు. అలవాటు లేని ఇంగ్లీషు చెవికి అది "బ" లాగా వినిపిస్తుంది. అందుకే పంది కాస్తా బండి అయింది. చివరి "కొక్కు" "కూట్" ఎందుకు అయిందో మాస్టారే చెప్పాలి. నాకైతే ఇంగ్లీషులో కూట్ అని ఒక నీటిపక్షి పేరు ముందే ఉండటం వల్ల నాలుక అటు జారిందేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే, క్విజ్‌లో చెప్పకు.

నేను స్కూల్లో జువాలజీ చెబుతాను కాబట్టి జంతువు గురించి కూడా నాలుగు మాటలు రాస్తాను. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. బాండికూట్ అనే పేరుతో ప్రపంచంలో రెండు వేరువేరు జంతువులున్నాయి.

ఒకటి మనది. ఇది నిజంగా ఎలుకే, ఎలుక కుటుంబానిదే. దీని శాస్త్రీయ నామంలో కూడా మన మాటే ఉంది: బాండికోటా. ఇందులో పెద్ద పందికొక్కు బాండికోటా ఇండికా. బాగా పెరిగితే కిలో దాకా తూగుతుంది, కోపం వస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. పంది పేరు ఎందుకు పెట్టారో ఆ చప్పుడు విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్న పందికొక్కు బాండికోటా బెంగాలెన్సిస్. మన డెల్టా పొలాల్లో వరిని నాశనం చేసేది ఎక్కువగా ఇదే.

రెండోది ఆస్ట్రేలియాది. అది ఎలుక కానే కాదు. కంగారూ లాగా పొట్ట మీద సంచి ఉన్న జంతువు. ముక్కు పొడుగ్గా, మొనదేలి ఉంటుంది. నేలలో పురుగుల కోసం, దుంపల కోసం తవ్వుతుంది. దాని సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. తవ్వేటప్పుడు లోపలున్న పిల్లల మీద మట్టి పడకుండా అలా ఉంటుందన్నమాట. గర్భం పన్నెండున్నర రోజులే. క్షీరదాల్లో ఇంత తక్కువ గర్భకాలం ఉన్నవి చాలా అరుదు. చుట్టరికం చూస్తే మన పందికొక్కుకి దానికన్నా ఉడుతే దగ్గర.

గొల్లపూడి గుమస్తా రాశారు:

మరి ఎలుక కానిదానికి ఎలుక పేరు ఎలా తగిలించారండీ? అక్కడివాళ్ళకి మన పందికొక్కు ఎలా తెలిసింది?

మెల్‌బోర్న్ గుంటూరోడు రాశారు:

ఇది నేను ఇక్కడికి వచ్చాక ఇష్టంగా చదువుకున్న విషయం, చెబుతాను.

సిడ్నీలో ఇంగ్లీషువాళ్ళు కాలనీ పెట్టింది 1788లో. మొదటి సంవత్సరాల్లో తిండికి చాలా కటకటలాడారు. ఇంగ్లండ్ నుంచి ఓడ రావాలంటే నెలలు. అందుకని భారతదేశం వైపు చూశారు. 1792లో అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా నుంచి బియ్యం, రవ్వ, పప్పు వేసుకుని సిడ్నీకి వచ్చింది. అప్పటి రాతల్లో రవ్వని సూజీ అనీ, పప్పుని దాల్ అనీ మన పేర్లతోనే రాశారు. అంటే సరుకుతో పాటు మాటలు కూడా దిగాయి. భారతదేశంలో పనిచేసి వచ్చిన అధికారులు, సైనికులు, నావికులు అక్కడ తిరిగేవాళ్ళు. బాండికూట్ మాట 1789 నాటికే ఇంగ్లీషు రాతల్లో ఉంది. పొడుగు ముక్కుతో నేల తవ్వుకుంటూ పోయే కొత్త జంతువు కనిపించేసరికి, చూడటానికి కాస్త అలాగే ఉందని తెలిసిన పేరే పెట్టేశారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇంకో విచిత్రం చెప్పనా. ఇక్కడ ఒకప్పుడు ఒక రకం బాండికూట్ ఉండేది. ముందుకాళ్ళకి పంది గిట్టల్లాంటి వేళ్ళు ఉండేవి కాబట్టి దాన్ని ఇంగ్లీషులో పందికాళ్ళ బాండికూట్ అన్నారు. తెలుగులో చెప్పుకుంటే పందికాళ్ళ పందికొక్కు! బాండికూట్‌లో ముందే ఒక పంది ఉందని ఆ పేరు పెట్టినవాళ్ళకి తట్టలేదు. ఆ జంతువు 20వ శతాబ్దంలో అంతరించిపోయింది. పాపం, దాని పేరు చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

దుగ్గిరాల రైతు రాశారు:

మీరు అంతరించిందని బాధపడుతున్నారు, మాకు ఇక్కడ ఇది అంతరించక బాధ. పందికొక్కు అంటే ఏమిటో పొలం వైపు నుంచి కూడా చెప్పాలి.

వరి పొట్ట దశలో ఉన్నప్పుడు చిన్న పందికొక్కు దుబ్బుల్ని మొదలంటా ఏటవాలుగా కొరికేస్తుంది. తినేది కొంచెం, పాడుచేసేది ఎక్కువ. కోతకొచ్చాక కంకులు కొరికి బొక్కలోకి లాక్కెళ్ళి దాచుకుంటుంది. దాని బొక్క తవ్వితే లోపల అరలు అరలుగా ధాన్యం బయటపడుతుంది. బొక్క నోటి దగ్గర తాజా మట్టి కుప్ప కనిపిస్తే లోపల పందికొక్కు ఉన్నట్టే లెక్క. కాలువ గట్లు, పొలం గట్లు తొలిచేస్తుంది, నీళ్ళు పెట్టినప్పుడు గట్టు తెగుతుంది.

మందు విషయానికొస్తే 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టి బొక్కల్లో వేస్తాం. ముందురోజు బొక్కలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలోనే వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం ఊరంతా ఒకేసారి చెయ్యడం. నా ఒక్క చేలో వేస్తే పక్క చేను నుంచి మళ్ళీ వస్తాయి. యానాదులు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళు, పొగబెట్టి తవ్వి పట్టేవాళ్ళు. వాళ్ళకి తెలిసినంతగా దీని నడక ఎవరికీ తెలియదు. బొక్క చూసి ఎటు తిరిగిందో చెప్పేస్తారు. నిఘంటువులకి ఈ మాట ఇచ్చినవాళ్ళు పండితులు కాదు, ఇలాంటివాళ్ళే అని నా అభిప్రాయం.

తెనాలి మాస్టారు రాశారు:

రైతుగారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈస్టిండియా కంపెనీ ఓడ మచిలీపట్నం రేవుకి వచ్చింది 1611లో. మద్రాసు కోట కన్నా చాలా ముందు. అక్కడ కంపెనీ గిడ్డంగులు పెట్టింది, బట్టల మూటలు, ధాన్యం నిల్వ చేసింది. గిడ్డంగి ఉన్నచోట పందికొక్కు ఉండకుండా ఉంటుందా? దాన్ని చూసి "ఇదేమిటి" అని దొర అడిగితే జవాబు చెప్పింది కూలీయో, కాపలావాడో అయి ఉంటాడు. పుస్తకం చూసి కాదు, నోటి నుంచి చెవికి వెళ్ళిన మాట ఇది. దాని రూపం మారిన తీరే అది చెబుతోంది.

ఈ జంతువుని చూసి పరాయి దేశాలవాళ్ళు బెదిరిపోవడం అంతకు ముందు నుంచీ ఉంది. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబన్ బతూతా దేవగిరి కోట చెరసాలలో పిల్లుల కన్నా పెద్ద ఎలుకలున్నాయనీ, పిల్లులే వాటిని చూసి పారిపోతాయనీ రాశాడు. 17వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు ఫ్రయర్ కూడా పందులంత పెద్ద ఎలుకలు ఇళ్ళ కింద బొరియలు తవ్వి కోళ్ళ మీద పడతాయని రాశాడు. వీటిని హాబ్సన్-జాబ్సన్‌లోనే ఎత్తి చూపించారు. ఫ్రయర్‌కి కూడా పందే గుర్తొచ్చింది, గమనించారా!

గొల్లపూడి గుమస్తా రాశారు:

మా గోడౌన్లలో ఇప్పటికీ అదే కథ. బస్తాల కింద చెక్కలు వేసి, గోడకి మూరెడు ఎడం వదిలి పేర్చేది దీనికోసమే. ఆ ఎడం లేకపోతే గోడ వారనే బొరియ తవ్వుకుని బస్తా అడుగు నుంచి తినేస్తుంది. పైకి బస్తా బాగానే ఉంటుంది, ఎత్తితే గింజలు కారిపోతాయి.

అందుకే కదా మన పేపర్లలో ఎవరైనా ప్రజల సొమ్ము తిన్నారంటే "పందికొక్కుల్లా మెక్కారు" అని రాస్తారు. పెద్దవాళ్ళు "గాదె కింద పందికొక్కు" అనేవాళ్ళు, కష్టపడకుండా ఇంట్లో ఉన్నది తింటూ బలిసేవాణ్ణి. ఇంగ్లీషులోకి వెళ్ళాక కూడా ఈ అర్థాలు ఉన్నాయా, లేక ఒట్టి పేరే వెళ్ళిందా?

మెల్‌బోర్న్ గుంటూరోడు రాశారు:

చాలా మంచి ప్రశ్న అడిగారండీ. ఇక్కడే మాట తిరగబడింది.

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ అంటే తిని బలిసినవాడు కాదు. చితికిపోయినవాడు! "బాండికూట్ అంత పేదవాడు", "బాండికూట్ అంత దిగులుగా ఉన్నాడు" అని పాత తరం వాళ్ళు అనేవాళ్ళు. ఒంటరిగా దిక్కుతోచక ఉన్నవాణ్ణి "కాలిపోయిన గుట్ట మీద బాండికూట్" అంటారు. అడవికి నిప్పంటుకుని గడ్డీ పొదా అన్నీ కాలిపోతే, దాక్కోవడానికి చోటు లేక, తినడానికి పురుగు లేక నిలబడ్డ ప్రాణి అన్నమాట. మన పందికొక్కుకి ఈ బతుకు ఎక్కడిది? ఊరు కాలినా గాదె కిందే ఉంటుంది. పేరు తెలుగుదే కానీ స్వభావం అక్కడి జంతువుది. దాన్ని చూసి వాళ్ళు కొత్త సామెతలు కట్టుకున్నారు.

కానీ ఒకచోట మాత్రం మన అర్థానికి దగ్గరగా వచ్చింది. ఇక్కడ బాండికూట్ చెయ్యడం అని ఒక క్రియ ఉంది. పక్కవాడి బంగాళదుంపల మడిలోకి పోయి, పైన ఆకులూ కాడలూ కదలకుండా, చేత్తో మట్టి కింద నుంచి దుంపలు మాత్రం లాక్కోవడం. మడి చూస్తే పచ్చగా నిలబడి ఉంటుంది, తవ్వితే ఏమీ ఉండదు. గుమస్తాగారు చెప్పిన బస్తా కథ చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది. వాళ్ళకి మన సామెత తెలియదు, మనకి వాళ్ళ క్రియ తెలియదు. అయినా పైకి కనపడకుండా అడుగు నుంచి తినేవాడికి ఇద్దరం ఒకే పేరు వాడుకున్నాం. ఈ మాటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

లబ్బీపేట అక్క రాశారు:

ఇది చదివి చాలా సంతోషం వేసింది. మా పిల్లలకి చెప్పాల్సిన పాఠం. హిందీలో ఘూస్ అంటే పందికొక్కు అని మాస్టారు పైన రాశారు కదా. హిందీలో లంచానికి కూడా ఘూసే అంటారు. ఆ రెండు మాటల పుట్టుక ఒకటో కాదో భాషావాళ్ళు తేల్చాలి. హిందీ మాట్లాడేవాళ్ళ చెవికి మాత్రం రెండూ ఒకేలా వినిపిస్తాయి.

ఇంకొకటి. కేరళలో ఒక స్టార్టప్ మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబో తయారుచేసి 2018లో వాడకంలోకి తెచ్చింది. దానికి పెట్టిన పేరు బాండికూట్. మనిషి మురుగు గుంటలోకి దిగి ఊపిరాడక చనిపోయే ఘోరం ఆగాలని చేసిన యంత్రం అది. ఇన్నాళ్ళూ తిట్టుగా వాడిన పేరు ఒక మంచి పనికి వచ్చిందంటే నాకు గర్వంగా ఉంది.

చెన్నైలో బెజవాడోడు రాశారు:

మా మిత్రులకి కొంగ సంగతి చెప్పాను. ఒప్పుకున్నారు. బదులుగా, ఆనకట్టకి ఇంగ్లీషులో వాడే ఆనికట్ అనే మాట మాది అన్నారు! అది కూడా మనదే కదా? ప్రకాశం బ్యారేజీ కన్నా ముందు అక్కడున్నది కృష్ణా ఆనికట్టే కదా?

తెనాలి మాస్టారు రాశారు:

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆనికట్ మాటకి నిఘంటువులు చూపేది తమిళ "అణైకట్టు". కావేరి మీద కల్లణైని ఇంగ్లీషువాళ్ళు గ్రాండ్ ఆనికట్ అన్నారు. కాటన్ దొర మొదట పనిచేసింది కూడా కావేరి దగ్గరే. ఆ తర్వాతే ధవళేశ్వరం, బెజవాడ. మన "ఆనకట్ట" దానికి అక్కాచెల్లెలు లాంటి మాట. కృష్ణా మీద ఆనకట్ట 1855కి పూర్తయింది. 1952లో తెగింది, ఆ చోటుకి దగ్గరలోనే 1957 నాటికి బ్యారేజీ వచ్చింది. మాట వాళ్ళది అనండి. ఆ మాట మీద బతికిన డెల్టా మనది.

సత్యనారాయణపురం కుర్రోడు రాశారు:

అందరికీ థాంక్స్ అండీ. హాబ్సన్-జాబ్సన్ పేజీ లైబ్రరీలో ఫోటో తీసి సార్‌కి చూపించాను. చదివి, వచ్చే క్విజ్‌లో తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్ళిన జంతువుల పేర్ల మీద ప్రశ్నలు నన్నే తయారు చెయ్యమన్నారు. బాండికూట్ కాకుండా ఇంకేమున్నాయి?

తెనాలి మాస్టారు రాశారు:

మొదటి ప్రశ్న మాంగూస్ మీద పెట్టు. మన ముంగిస. యూల్, బర్నెల్ దీన్ని కూడా తెలుగుతోనే ముడిపెట్టారు. ఈనాటి నిఘంటువులు మరాఠీ "మంగూస్" ద్వారా ఇంగ్లీషుకి వచ్చిందనీ, ఆ మరాఠీ మాటకి మూలం తెలుగు ముంగిస లాంటి ద్రావిడ రూపమనీ చెబుతాయి. కాబట్టి ప్రశ్నలో "నేరుగా తెలుగు నుంచి" అని రాయకు, ఎవరైనా పట్టుకుంటారు.

దాని మీదే రెండో ప్రశ్న కూడా పెట్టొచ్చు: ఇంగ్లీషులో దాని బహువచనం ఏమిటి? గూస్‌కి గీస్ ఉంది కాబట్టి చాలామంది మాంగీస్ అని రాస్తారు. సరైనది మాంగూసెస్. ఆ మాటకి బాతుతో ఏ సంబంధమూ లేదు.

దుగ్గిరాల రైతు రాశారు:

బాబూ, క్విజ్ ఎప్పుడో చెప్పు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, తీసుకొస్తాను. పందికొక్కు ప్రశ్న వస్తే మాత్రం ఏ ఎలుకో కూడా అడగండి, పెద్దదా చిన్నదా అని. మా అమ్మాయి బొక్క చూసి చెప్పేస్తుంది.